నెత్తిమీదుగా పోయిన పిలుపు

"వాడు సెట్టే పెట్టలేదు" అన్న మాట మొదట అన్నది బడిలో సైన్సు చెప్పే తీగల మేష్టారే.

వరద వచ్చి వెళ్ళిన మర్నాడు పొద్దున్న, బడి మెట్ల మీద నిలబడి అన్నారు. మోకాళ్ళ దాకా బురద, కంటి మీద కునుకు లేదు, చుట్టూ యాభైమంది మూగి "పైనుంచి కబురెందుకు రాలేదు? మీరు రేడియో దగ్గరే ఉన్నారుగా?" అని ఒకటే అడగడం. నిజమే, ముందురోజు సాయంత్రం నాలుగు నుంచి ఆయన సైన్సు గదిలో చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చునే ఉన్నారు. ఫోన్లు పోయాయి, సెల్ టవర్లు పోయాయి, మాట పంపడానికీ వినడానికీ మిగిలింది ఆ హామ్ రేడియో సెట్టొక్కటే. అందులో వినపడిందల్లా కాలిన పెనం మీద నీళ్ళు చల్లినట్టు మెరుపుల చిటపట. నలభై మైళ్ళ ఎగువన, కొండల అవతల, నదిలో నీటి ఎత్తు చూపే కొలబద్ద దగ్గర కాపలా ఉండే మనిషి గొంతు ఒక్కసారి కూడా వినపడలేదు. అందుకని ఆ మాట అన్నారు. అబద్ధమనుకుని అనలేదు. అనేసి, కాళ్ళు కడుక్కోవడానికి పంపు దగ్గరికి వెళ్ళిపోయారు.

మధ్యాహ్నానికి ఆ మాటకి కాళ్ళొచ్చాయి. సాయంత్రానికి 'తాగి పడుకున్నాట్ట' అయింది. మర్నాటికి 'ముందే పారిపోయాట్ట' అయింది. మూడోనాడు వంతెన కమ్ముల మధ్య ఆ మనిషి శవం దొరికినప్పుడు, 'చూశావా, పారిపోతూ పడ్డాడు' అని తేల్చేశారు. దర్జీల వీధిలో పదకొండు మంది పోయారు. ఆ పదకొండు మంది వెంటా ఊరు ఊరంతా నడిచింది. పన్నెండో శవాన్ని మోయడానికి నలుగురు దొరక్క నీటిశాఖ జీపులో పడుకోబెట్టి తీసుకుపోయారు. జీపు బడి ముందునుంచే వెళ్ళింది. మేష్టారు కిటికీలోంచి చూశారు. లేవలేదు.

పోయినవాణ్ణి అందరూ అడుగులాయన అనేవాళ్ళు. ఏమడిగినా అడుగుల్లోనే చెప్పేవాడు. "ఏమయ్యా, బాగున్నావా?" అంటే "ఏడడుగులండీ, నిలకడగా ఉంది" అనేవాడు. తన సంగతి కాదు, నది సంగతి.

*

సోమవారం నీటిశాఖ ఇంజినీరు కబురుపెట్టాడు. ఆఫీసులో నేలమీద బురద ఎండి పెచ్చులు లేస్తోంది. ఫైళ్ళు తాడు మీద లంగాల్లా ఆరేసి ఉన్నాయి. ఇంజినీరు కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చున్నాడు, కింద ఇంకా చెమ్మగా ఉందని.

"రండి మేష్టారూ. గురువారం విచారణ. పై ఆఫీసునుంచి పెద్దాయన వస్తున్నాడు. ఈ ఊళ్ళో రేడియో తెలిసినవాళ్ళు మీరూ, ఆ తంతి తాతాను. ఆయన్ని ఈ వయసులో కొండెక్కించలేం. మీరు పైకెళ్ళి సెట్టు చూసి ఒక కాగితం రాసివ్వండి."

"ఏమని?"

"సెట్టు బాగానే ఉంది, మనిషే పెట్టలేదని. మీరు అన్నదేగా."

"చూడకుండా ఎలా రాస్తానండీ?"

"చూసే రాయండి. జీపిస్తాను." ఇంజినీరు ఒక ఫైలు అట్ట ఊడదీసి గాలికి ఊపాడు. "క్వార్టరు ఖాళీ చెయ్యమని ఆయన భార్యకి నోటీసిచ్చాం. డ్యూటీ వదిలేసిన వాడి ఇంటివాళ్ళకి ఇల్లూ ఉండదు, ఉద్యోగమూ ఉండదు. రూలు అది. నాకేం సరదానా? మీ కాగితం వస్తే నా పని అయిపోతుంది."

మేష్టారు తలూపారు. పిల్లల హాజరు తీసుకున్నంత తేలిగ్గా తలూపారు.

*

మంగళవారం జీపు సగం దూరమే పోయింది. మిగతాది నడక. ఒక సంచిలో చిన్న సెట్టు, కేబులు, పనిముట్లు. జీపు డ్రైవరు బ్యాటరీ భుజాన వేసుకుని వెనకాల రొప్పుతూ వచ్చాడు. మధ్యాహ్నం పన్నెండింటికి తంతి తాత సైన్సు గదిలో సెట్టు ముందు కూర్చుని ఉండాలని ముందే అనుకున్నారు.

కొలబద్ద ఇల్లు రెండు గదులది. గోడకి బల్లకన్నా జానెడు పైన బురద గీత. అడుగులాయన భార్య సామాన్లు మూటగడుతోంది. ఆరేళ్ళ కూతురు గడపలో కూర్చుని ఒక బూటులోంచి పుల్లతో మట్టి తీస్తోంది. నాన్న బూటు.

"రండి అన్నయ్యా," అందామె. స్టూలు తుడిచి వేసింది. "ఆఫీసు వాళ్ళు పంపారా?"

"సెట్టు చూసి రమ్మన్నారమ్మా."

"చూడండి."

సెట్టు బల్లమీదే ఉంది, నిండా బురదతో. మేష్టారు స్క్రూలు విప్పి మూత తీశారు. బ్రష్షుతో మెల్లగా తుడిచారు. ఫ్యూజు బాగుంది. స్విచ్చు దగ్గర ఆయన చెయ్యి ఆగింది. స్విచ్చు పెట్టే ఉంది. పవరు గుండీ చివరికంటా తిప్పి ఉంది. మట్టి గట్టిపడి అది అక్కడే బిగుసుకుపోయింది.

"నాలుగూ ఇరవైకి మొదలెట్టారు," అందామె వెనకనుంచి. "మబ్బుకి పట్టపగలే చీకటి, నేను దీపం పట్టుకున్నాను. బద్ద చూసి రావడం, అడుగులు చెప్పడం, చెవిపెట్టి వినడం, మళ్ళీ చెప్పడం. ఆరున్నరకి నీళ్ళు గడప దాటాయి. బ్యాటరీ ఎత్తి బల్లమీద పెట్టారు. 'పిల్లని తీసుకుని బండమీదికెక్కు, ఇంకొక్కసారి చెప్పి వచ్చేస్తా' అన్నారు. ఈ పుస్తకం నా చేతికిచ్చారు."

"ఆఫీసులో చెప్పలేదా?"

"చెప్పాను. పెళ్ళాం మాట సాక్ష్యం కాదన్నారు. పుస్తకం మేం తర్వాత రాసుకున్నదే అన్నారు."

రూళ్ళ పుస్తకం. పెన్సిలు రాత. ఒక వరసలో టైము, ఒక వరసలో అడుగులు, చివర 'జవాబు లేదు'. పేజీ తిప్పితే మళ్ళీ అదే. ఆరింటి నుంచి మాట మారింది: 'గుడ్డిగా పంపుతున్నాను'. ఎవరైనా వింటున్నారో లేదో తెలియకుండా పంపేటప్పుడు అలా రాయాలని నేర్పింది మేష్టారే.

ఆయన పుస్తకం మూసి బయటికొచ్చారు. ఊపిరి పీల్చుకోవడానికి వచ్చారు. తలెత్తితే అది కనిపించింది.

కంచె కొట్టుకుపోయింది, షెడ్డు కొట్టుకుపోయింది, చెట్ల వేళ్ళు బయటపడ్డాయి. అరవై అయిదు అడుగుల అల్యూమినియం గొట్టం మాత్రం నాలుగు వైపులా తాళ్ళ బిగింపు మీద నిటారుగా నిలబడి ఉంది. వేలెడైనా వంగలేదు. మొన్న వేసవిలో మేష్టారు తన చేతులతో నిలబెట్టిన ఏరియల్. దాని పాదం దగ్గర రాగి తీగలు సూర్యకిరణాల్లా పరిచి, జానెడు లోతున పాతిందీ ఆయనే. గోళ్ళల్లో మట్టి వారం దాకా పోలేదు.

అంతకుముందు అక్కడ రెండు చెట్ల మధ్య, చెయ్యెత్తితే అందే ఎత్తులో, నూట ముప్పై అడుగుల రాగి తీగ అడ్డంగా వేలాడుతుండేది. అందంచందం లేని తీగ. అది పంపే తరంగం నేరుగా నెత్తిమీదికి లేచి, ఆకాశానికి కొట్టుకుని, గొడుగు విప్పినట్టు చుట్టుపక్కల రెండు వందల మైళ్ళ మేర దిగేది. కొండలు అడ్డం రావు. దూరదేశాలకి మాత్రం పోదు. మేష్టారికి దూరదేశాలు కావాలి. ఎనభై మీటర్ల బాండు మీద సముద్రాలు దాటించాలంటే తరంగం నేలబారుగా, తక్కువ కోణంలో బయలుదేరాలి. దానికి నిలువు గొట్టమూ, తడి నేలా ఉండాలి. ఊళ్ళో ఆ రెంటికీ చోటు లేదు. ఇక్కడ నది ఒడ్డున రెండూ కుదిరాయి. ఆదివారాలు బస్సెక్కి వచ్చి, పొద్దుగుంకే వేళ ఈ బల్లముందే కూర్చుని, ముక్కూ మొహం తెలియని వాళ్ళతో మాట్లాడి, పొంగిపోతూ ఇంటికి వెళ్ళేవారు.

బడిలో పిల్లలకి ఈ సంగతి ఎంత బాగా చెప్పేవారు! "గొట్టం పట్టుకుని నీళ్ళు నిటారుగా పైకి కొడితే ఎక్కడ పడతాయిరా? మన నెత్తిన. ఏటవాలుగా కొడితే? అల్లంత దూరాన. అప్పుడు మన కాళ్ళ దగ్గర తడుస్తుందా?" తడవదు సార్ అని అరిచేవాళ్ళు పిల్లలు.

గొట్టం నిలబెట్టిన రోజు అడుగులాయన తాడు పట్టుకుని పైకి చూస్తూ అడిగాడు. "మరి మన ఊరికి వినపడుతుందా మేష్టారూ?"

"నాలుగు వేల మైళ్ళు పోయేది నలభై మైళ్ళు పోదటయ్యా?" అన్నారు మేష్టారు నవ్వుతూ. అడుగులాయన కూడా నవ్వాడు.

తర్వాత వారం వారం పరీక్ష పిలుపుల్లో అతని గొంతు నూతిలోంచి వచ్చినట్టు సన్నగా వచ్చేది. కొండల అంచుల్ని పాకుతూ వచ్చిన కాస్త శబ్దం. మేష్టారు రికార్డులో 'సరిగా ఉంది' అని రాసేవారు. వానలు మొదలయ్యాక చూసుకుందాం అనుకునేవారు.

పన్నెండు కావస్తోంది. ఆయన చిన్న సెట్టుకి బ్యాటరీ తగిలించి, కేబులు గొట్టానికి కలిపారు. తంతి తాతని పిలిచారు. విన్నారు. పిలిచారు. విన్నారు. పది నిమిషాలు. అవతల సముద్రపు హోరు లాంటిది తప్ప ఏమీ లేదు.

"పాత తీగ ఏమైందమ్మా?" అన్నారు.

ఆమె ఇంటి వెనకాల వాలు చూపించింది. అక్కడ తీగమీద పిల్ల గౌన్లు, ఒక మగవాడి చొక్కా ఆరుతున్నాయి. "పారేయడమెందుకని కట్టుకున్నాను."

ఆమె బట్టలు తీసి భుజాన వేసుకుంది. మేష్టారు తీగ విప్పి, రెండు చెట్లకి తలెత్తున కట్టి, సరిగ్గా మధ్యలో కత్తిరించి, రెండు కొసలకీ కేబులు కలిపారు. స్క్రూ రెండుసార్లు కింద పడింది. పిల్ల వెతికి ఇచ్చింది.

ఒక్క పిలుపు. ఒకే ఒక్కటి.

"వింటున్నానయ్యా, వింటున్నాను!" స్పీకరు పగిలేటట్టు తంతి తాత గొంతు. "ఇందాకట్నుంచీ ఏమైపోయావ్? ఇప్పుడు పక్కింటి అరుగుమీంచి మాట్లాడినట్టుంది!"

జీపు డ్రైవరు చప్పట్లు కొట్టబోయి, మేష్టారి మొహం చూసి ఆగిపోయాడు.

ఆమె తీగవంక చూసింది. గొట్టంవంక చూసింది. భుజం మీది చొక్కా మడత సర్దుకుంది.

"ముందునుంచీ ఉన్నది ఈ తీగేగా అన్నయ్యా? ఆ రోజు ఇదే ఉండి ఉంటే వినపడేదా?"

మేష్టారు సెట్టు కట్టేశారు. "ఆకాశం రోజుకొక రకంగా ఉంటుందమ్మా. ఆ రోజు మెరుపులు. ఏ తీగైనా అంతే."

"అలాగా," అందామె. తీగ ఖాళీ అయ్యాక బట్టలు మళ్ళీ దానిమీదే ఆరేసింది.

*

బుధవారం పొద్దున్నే తంతి తాత మేష్టారింటికి వచ్చాడు. పేరుకి తాతే గాని మెట్లు రెండేసి ఎక్కే మనిషి. ఆవేళ గోడ పట్టుకుని ఎక్కాడు. వెనక టెలిగ్రాఫు ఆఫీసులో ముప్పై ఏళ్ళు టక్కు టక్కుమని కొట్టినవాడు. జేబులోంచి ఫోను తీశాడు.

"మన రేడియో క్లబ్బుకి మెయిలొచ్చింది. సముద్రం అవతలినుంచి. కూర్చో ముందు."

ఎవరో పెద్దాయన, హామ్ వాడే, మర్యాదగా రాశాడు. వరద రోజు సాయంత్రం, తన వైపు చీకటి పడ్డాక, మీ నది స్టేషను గుర్తుతో ఒక పిలుపు వినపడింది. ఒక మగగొంతు ఒంటరిగా ముప్పావుగంటపాటు ఏవో అంకెలు చెబుతూ పోయింది. భాష తెలియలేదు. ఏదైనా పోటీ అనుకున్నాను. జవాబిచ్చాను, ఆయన విన్నట్టు లేదు. రికార్డు చేసి పంపుతున్నాను. ఈ బాండు మీద అంత దూరం నుంచి ఇంత గట్టి సిగ్నలు నేను వినలేదు. మీ ఏరియల్‌కి నా అభినందనలు.

"అభినందనలట," అన్నాడు తాత. వేలితో తెర నొక్కాడు.

గదిలో అడుగులాయన మాట్లాడాడు. గొంతులో కంగారు లేదు. అలసట ఉంది. 'పద్నాలుగు అడుగులు. పద్నాలుగు. గుడ్డిగా పంపుతున్నాను. మేష్టారూ, దర్జీల వీధి వాళ్ళని ముందు లేపండి. పల్లం అక్కడే. పద్నాలుగు అడుగులు.' కాస్త ఆగి, చెవిపెట్టి వింటున్నట్టు నిశ్శబ్దం. తర్వాత, 'పదిహేనున్నర.'

మేష్టారి భార్య వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. చేతిలో గరిటె ఉంది.

"నీకు తెలుసుగా ఇది ఎందుకిలా అయిందో," అన్నాడు తాత.

"నిన్ననే తెలిసింది."

"అయితే నా మాట విను. ఆకాశం మీద రాసెయ్. మెరుపుల వల్ల పిలుపు అందలేదని. ఇంజినీరుకీ అదే నయం, ఆఫీసు తప్పు కాకుండా పోతుంది. ఆ అమ్మాయికి ఇల్లుంటుంది. నీ జోలికెవడూ రాడు. ఆకాశం వచ్చి బోనెక్కి కాదనదుగా?"

"రికార్డు?"

"ఫోను నాది. తుడిచేస్తే పోతుంది."

తాత తుడవలేదు. ఫోను బల్లమీద పెట్టి, కళ్ళజోడు తీసి, చొక్కా కొసతో అద్దాలు రుద్దుతూ కూర్చున్నాడు.

అతను వెళ్ళాక భార్య అంది: "ఆయన చెప్పింది ఆలోచించండి. మన పిల్లలు ఈ ఊళ్ళోనే తిరగాలి."

సాయంత్రం మేష్టారు తాత ఫోను అడిగి తీసుకుని బయల్దేరారు. విచారణకని అడుగులాయన భార్య కిందికి దిగి, తన అన్నగారి ఇంట్లో ఉంటోంది. రేకులు వంచి డబ్బాలు చేసే మనిషి అతను. మేష్టారిని చూసి సుత్తి దింపలేదు, కూర్చోమనీ అనలేదు. ఆమే పిల్లని లోపలికి పంపి, వీధిలోకి వచ్చింది.

నిలబడే చెప్పారు మేష్టారు. గొట్టం సంగతి, కోణం సంగతి, నాలుగు వేల మైళ్ళ పరాచికం, నూతిలోంచి వచ్చినట్టున్న గొంతు, 'సరిగా ఉంది' అని తను రాసిన రాత. నిన్న అబద్ధం చెప్పాననీ చెప్పారు.

"నాకు నిన్ననే తెలిసిందన్నయ్యా," అందామె. "అంత కళ్ళకి కట్టినట్టు చూపించి, ఆకాశమంటే నమ్ముతానా? మీరు చెబుతారో లేదో అని చూస్తున్నాను."

"ఆయన గొంతు దొరికిందమ్మా. ఎక్కడో సముద్రం అవతల ఎవరో పట్టారు. వింటావా?"

ఆమె ఫోనువంక చూసింది. చెయ్యి చాపలేదు.

"నేను విన్నాను. దీపం పట్టుకుని పక్కనే నిలబడి విన్నాను. వినాల్సింది నేను కాదు."

"తాత ఒక మాటన్నాడు." మేష్టారు ఫోను జేబులో పెట్టుకున్నారు. "ఆకాశం వల్లనని రాస్తే నీకు ఇల్లుంటుందేమో. నిజం రాస్తే వాళ్ళు దాన్ని ఎటు తిప్పుతారో తెలీదు. అనుమతి లేకుండా గొట్టం పెట్టనిచ్చాడని ఆయన మీదికే తెచ్చినా తెస్తారు. అందుకని నువ్వు ఎలా చెబితే..."

లోపల సుత్తి చప్పుడు ఆగింది.

"సెట్టే పెట్టలేదని ఊరంతటికీ చెప్పేటప్పుడు నన్నడిగారా?" అందామె. గొంతు పెంచలేదు. "అప్పుడడగనిది ఇప్పుడెందుకు? మీ చేత్తో పెట్టారు, మీ నోటితో అన్నారు. ఇది కూడా నా నెత్తిన పెట్టి పోదామని వచ్చారా?"

మేష్టారు ఒకడుగు వెనక్కి వేశారు.

"పొద్దుపోయింది. వెళ్ళిరండి," అని ఆమె లోపలికి వెళ్ళింది.

*

గురువారం బడి హాల్లో విచారణ. బెంచీలు కడిగి వేశారు గాని తడి ఆరలేదు. జనం కూర్చోకుండా గోడల వెంట నిలబడ్డారు. దర్జీల వీధి వాళ్ళంతా ఎడమవైపు. కుడివైపు కిటికీ దగ్గర అడుగులాయన భార్య, కూతురు, రేకులాయన. వాళ్ళ పక్కన మూడు గజాల మేర ఎవరూ లేరు. పై ఆఫీసు నుంచి వచ్చిన విచారణాధికారి సన్నటి మనిషి, మాటమాటకీ గడియారం చూసుకుంటున్నాడు.

"సెట్టు పరీక్షించింది మీరేనా? చదవండి."

మేష్టారు కాగితం విప్పారు. నాలుగు పేజీలు. లెక్కలు, బొమ్మలు, కోణాలు. రాత్రంతా కూర్చుని రాసింది. మొదటి పేజీ చూస్తుంటే అక్షరాలు కదిలాయి. మడిచి జేబులో పెట్టుకున్నారు.

"స్విచ్చు పెట్టే ఉందండి," అన్నారు. "అతను సెట్టు పెట్టలేదని నేనే అన్నాను. అది తప్పు. అతను నాలుగూ ఇరవై నుంచి పిలుస్తూనే ఉన్నాడు. ఆ పిలుపు మన నెత్తిమీదుగా పోయింది. పక్క ఊరికి వినిపించే తీగ తీసేసి, పరదేశాలకి వినిపించే గొట్టం అక్కడ పెట్టింది నేను. నా సరదాకి పెట్టాను."

ఫోను మైకు దగ్గర పెట్టి నొక్కారు.

'పద్నాలుగు అడుగులు. పద్నాలుగు.'

ఎడమవైపు గోడ దగ్గర ఎవరో ఆడమనిషి "అయ్యో" అంది. ఆ తర్వాత 'దర్జీల వీధి వాళ్ళని ముందు లేపండి' అన్న మాట వచ్చినప్పుడు ఆవైపు వాళ్ళంతా మైకు వైపు తిరిగారు. ముప్పావుగంటా వినిపించనక్కర్లేదని అధికారి చెయ్యెత్తాడు గాని, ఎత్తిన చెయ్యి మెల్లగా దించి చివరిదాకా వింటూ కూర్చున్నాడు. చివరికి నీళ్ళ చప్పుడు దగ్గరగా వచ్చింది. 'ఇరవై అడుగులు. బద్ద మునిగింది. ఇంక చూసి చెప్పడానికి లేదు.' అంతే.

ఇంజినీరు లేచాడు. "ప్రభుత్వ ఏరియల్ మార్చడానికి అనుమతి ఎవరిచ్చారు? అక్కడ కాపలా ఉన్నది అతను. అతనెలా ఒప్పుకున్నాడు? ఇది కూడా నిర్లక్ష్యమే కదా సార్?"

"అతను అడిగాడు," అన్నారు మేష్టారు. "ఊరికి వినపడుతుందా అని అడిగాడు. నేను నవ్వి నోరు మూయించాను. అనుమతి ఎవరూ ఇవ్వలేదు. నేనెవరినీ అడగలేదు."

అధికారి గుమాస్తాకి నెమ్మదిగా చెప్పి రాయించాడు. ఉద్యోగి చివరిదాకా విధుల్లోనే ఉన్నాడని ఒక వాక్యం. అనుమతి లేకుండా పరికరం మార్చడం జరిగిందని ఒక వాక్యం. మేష్టారి మీద చర్యకి బడి వాళ్ళకి రాయాలని ఇంకొకటి. క్వార్టరు మాటేమిటని రేకులాయన గట్టిగా అడిగితే, ఫైలు పైకి పోతుందని, అక్కడ తేలుతుందని చెప్పాడు. ఎప్పటికని అడిగితే గడియారం చూసుకున్నాడు.

జనం కదిలారు. ముందు దర్జీల వీధి ఆడవాళ్ళు కిటికీ వైపు నడిచారు. ఒకామె పిల్ల చెయ్యి పట్టుకుంది. ఇంకొకామె అడుగులాయన భార్య చేతిలో మూట అందుకుంది. ఆమె ఒక్క క్షణం వదల్లేదు, తర్వాత వదిలింది. అందరూ కలిసి ఆమెని మధ్యలో పెట్టుకుని బయటికి నడిచారు. ఆమె మేష్టారి పక్కనుంచే వెళ్ళింది. ఆయనవంక చూడలేదు. చూడకూడదని కాదు, ఇంక చూడాల్సిన పని లేనట్టు.

మేష్టారు గుమ్మం దాకా వచ్చేసరికి అక్కడున్నవాళ్ళు రెండువైపులా తప్పుకున్నారు. మర్యాదకి ఇచ్చే దారి కాదది. కొత్త రంగు వేసిన గోడకి తగలకుండా జరిగినట్టు జరిగారు. తంతి తాత దూరంగా గేటు దగ్గర నిలబడి గొడుగు విప్పుతున్నాడు, మూస్తున్నాడు. మేష్టారి భార్య రాలేదు.

మెట్లమీద ఒక ముసలి దర్జీ మిగిలాడు. కొడుకునీ కోడలినీ పోగొట్టుకున్నవాడు. అలవాటు కొద్దీ కొలత టేపు మెడలో వేలాడుతోంది. మేష్టారు అతని ముందు ఆగిపోయారు. ఏదో ఒకటి అంటాడనీ, అంటే పడాలనీ నిలబడ్డారు.

"ఒక్క సంగతి మేష్టారూ," అన్నాడు దర్జీ. "ఆయన మొదట పిలిచింది ఎన్నింటికన్నారు?"

"నాలుగూ ఇరవైకి."

"మా వీధిలోకి నీళ్ళొచ్చింది ఎనిమిదింటికి. అయిదు నిమిషాలు ముందేనేమో." బొటనవేలు కణుపుల మీద జరుపుతూ లెక్కపెట్టుకున్నాడు. "మూడున్నర గంటలు."

"అవును."

"మూడున్నర గంటలంటే," అన్నాడు దర్జీ. గొంతులో కోపం లేదు. గుడ్డ సరిపోతుందో లేదో చూసేవాడి నిదానం ఉంది. "మూడున్నర గంటలంటే మేం మిషన్లు కూడా మోసుకుపోయుండేవాళ్ళం. ఏడు మిషన్లు. ఇద్దరేసి పట్టుకుంటే రెండు నడకలు." మళ్ళీ ఆలోచించాడు. "ఆ పైన కూడా టైము మిగిలేది."

రెయిలింగు పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగి వెళ్ళిపోయాడు.